బేరిపండ్లు: ఒకటి పసుపై మెత్తబడుతుంది, ఒకటి పచ్చగానే కుళ్లుతుంది. ఏ రకాన్ని ఎప్పుడు తినాలి?

దోరకాయ (ప్రశ్న):

బేరిపండ్ల రకాలు బాగా తెలిసినవాళ్లు చెప్పండి. అమెరికాలో దుకాణాల్లో ఒక్క అరలోనే పచ్చవి రెండు రకాలు, ఎర్రవి రెండు, మట్టిరంగుది ఒకటి, నురుగు వలలో చుట్టిన గుండ్రటిది ఒకటి ఉంటున్నాయి. పచ్చవాటిలో ఒకటి నాలుగైదు రోజులకే పసుపై మెత్తబడుతుంది. రెండోది పది రోజులైనా అదే పచ్చ. ఇంకా కాయగానే ఉందని వదిలేస్తే, కోసేసరికి గింజల చుట్టూ గోధుమరంగు. మట్టిరంగుదాని తొక్క చూస్తే ఏమీ తెలియదు. గుండ్రటిది మాగుతుందేమో అని ఉంచితే వారం తర్వాత కూడా గట్టిగానే ఉంటుంది.

కొనేటప్పుడే ఆ రెండు పచ్చవాటిని ఎలా పోల్చుకోవాలి? ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట పెట్టాలా? హైదరాబాద్ బళ్ల మీద నాష్పాతి అని అమ్మేది వీటిలో ఏది? ఉడికిస్తే ముక్క చెదరకుండా ఉండేది ఏది?

కోల్డ్‌స్టోరేజి:

ముందు గుండ్రటిదాని సంగతి తేల్చేద్దాం, సగం గందరగోళం దానివల్లే. బేరిలో ప్రధానంగా రెండు జాతులున్నాయి. యూరప్ జాతి సపోటా లాంటిది: ముదిరాక కాయగా కోసి మాగబెట్టాలి. ఆసియా జాతి జామ లాంటిది: చెట్టు మీదే తయారై, కోసిన రోజే కరకరలాడుతూ తినడానికి సిద్ధంగా ఉంటుంది. నురుగు వలలోది ఆసియా జాతి. అది మెత్తబడాలని చూడటమంటే పాడవ్వాలని చూడటమే. కొన్నరోజే ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తినండి, వారాల తరబడి నిలవుంటుంది.

మిగిలినవన్నీ యూరప్ జాతివి. వీటిని చెట్టు మీదే పండనిస్తే లోపలి నుంచి బయటికి మాగుతాయి. పైన గట్టిగా ఉండగానే గింజల దగ్గర ముద్దయిపోతుంది, గుజ్జులో ఇసుక పలుకులూ ఎక్కువవుతాయి. అందుకే తోటల్లో గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు. కోతకు రంగును నమ్మరు. 8 మిల్లీమీటర్ల మొన ఉన్న పరికరంతో గుజ్జులోకి గుచ్చి, దిగడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. బార్ట్‌లెట్‌కి (మీ పచ్చవాటిలో పసుపయ్యేది) సుమారు 17 నుంచి 20 పౌండ్లు, ఆంజూకి (పచ్చగానే ఉండేది) 13 నుంచి 15 ఉన్నప్పుడు కోత. అదే కాయ తినే దశకు వచ్చేసరికి 2 నుంచి 4 పౌండ్లకు దిగుతుంది.

కోశాక దానికి చలి తగలాలి. సున్నా డిగ్రీల దగ్గర కొంతకాలం ఉంటేనే కాయ తనంతట తాను ఇథిలీన్ (పండును మాగబెట్టే వాయువు) తయారుచేసుకుని సమంగా మాగే శక్తి తెచ్చుకుంటుంది. ఈ గడువు రకాన్ని బట్టి మారుతుంది. బార్ట్‌లెట్‌కి కొద్ది రోజుల నుంచి రెండు వారాలు చాలు. బాస్క్‌కి (మీ మట్టిరంగుది) రెండు మూడు వారాలు, కామిస్‌కి (పొట్టిగా లావుగా ఉండే ఇంకో రకం) నెల, ఆంజూకి దాదాపు రెండు నెలలు పడుతుంది. చలి చాలని ఆంజూ బయట పెడితే మెత్తబడదు, రబ్బరులా సాగి ముడతలు పడుతుంది.

ఇక మీ పచ్చవి రెండు. పసుపయ్యేది బార్ట్‌లెట్, పచ్చగానే ఉండేది ఆంజూ. బార్ట్‌లెట్‌ది గంట ఆకారం: కింద వెడల్పు, నడుము స్పష్టంగా కనిపిస్తుంది, తొక్క పల్చన. ఆంజూ కోడిగుడ్డులా ఉంటుంది, మెడ ఉందా లేదా అన్నట్టు, తొడిమ పొట్టిగా లావుగా. అనుమానమొస్తే స్టిక్కరు మీది అంకె చూడండి: 4409 అయితే బార్ట్‌లెట్, 4416 ఆంజూ, 4413 బాస్క్, 4408 ఆసియా బేరి. కాలం కూడా కొంత చెబుతుంది. వాషింగ్టన్, ఓరెగాన్ తోటల్లో బార్ట్‌లెట్ కోత ఆగస్టులో మొదలవుతుంది, శీతాకాలం మధ్యకల్లా నిల్వ అయిపోతుంది. ఆంజూ అక్టోబరు నుంచి మరుసటి వేసవి దాకా వస్తూనే ఉంటుంది. ఏప్రిల్‌లో బార్ట్‌లెట్ కనిపిస్తే అది అర్జెంటీనా లాంటి దక్షిణ దేశాల సరుకు అయి ఉంటుంది. దేశం పేరు స్టిక్కరు మీదే ఉంటుంది.

ఇంగ్లండులో విలియమ్స్ అన్నా, అమెరికాలో బార్ట్‌లెట్ అన్నా ఒకటే పండు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టి విలియమ్స్ అనే నర్సరీ యజమాని పేరుతో అమ్ముడైంది. అమెరికాలో ఈనాక్ బార్ట్‌లెట్ అనే ఆయన తోట కొంటే అందులో ఆ చెట్లు ముందే ఉన్నాయి. అసలు పేరు తెలియక తన పేరుతో పంచాడు. రెండు పేర్లూ చూసి రెండు రకాలు కాబోలని కొనేవాళ్లున్నారు.

ఎర్రవాటికీ ఇదే వరస. ఎర్ర బార్ట్‌లెట్ 1938లో వాషింగ్టన్ రాష్ట్రంలోని జిల్లా అనే ఊళ్లో పచ్చ చెట్టు కొమ్మకే కాసింది. మాగేకొద్దీ ముదురు ఎరుపు తేలికై మెరుస్తుంది. ఎర్ర ఆంజూ మాత్రం మొదటి నుంచీ చివరిదాకా అదే మెరూన్ రంగు. రుచిలో అది పచ్చ ఆంజూయే. రంగుకి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

యూరప్ రకం ఏదైనా ఒకే పరీక్ష: తొడిమ పక్కన, మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కండి. కొంచెం లొంగితే తినేయండి. పొట్ట దగ్గర నొక్కి చూడకండి. లోపలి నుంచి మాగే పండుకి పొట్ట మెత్తబడిందంటే గింజల దగ్గర ఆలస్యమైపోయినట్టే. మీ ఆంజూ పసుపవ్వాలని చూస్తుండగానే తినాల్సిన రోజు దాటిపోయింది.

గోధుమరంగుకి ఇంకో కారణం కూడా ఉంది. గుజ్జు గట్టిగానే ఉండి, లోపల మాత్రం పొడిగా గోధుమరంగు తిరిగితే అది గిడ్డంగిలో గడువు మించి ఉన్న పండు. దాన్ని ఎంతకాలం ఉంచినా మాగదు. గోధుమరంగుతో పాటు తడిగా ముద్దగా ఉంటే అది మన దగ్గర మిగలపండినది.

ఫ్రిజ్ సంగతి: గట్టి కాయను బయటే, 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంచండి. బార్ట్‌లెట్‌కి నాలుగైదు రోజులు, బాస్క్, కామిస్‌లకి వారం లోపు, ఆంజూకి ఏడు నుంచి తొమ్మిది రోజులు. మెడ లొంగాక ఫ్రిజ్‌లో పెడితే ఇంకో మూడు నుంచి ఐదు రోజులు ఆగుతుంది. ఆరు కాయలు కొంటే మూడు బయట, మూడు ఫ్రిజ్‌లో పెట్టి వంతులవారీగా తీయడం మేలు. అన్నీ ఒక్కరోజే పండవు.

పండ్లబండి:

నాష్పాతి గురించి. హైదరాబాద్‌లో జులై చివరి నుంచి బళ్ల మీదికి వచ్చే గుండ్రటి పచ్చకాయ, పైన చుక్కలు స్పష్టంగా ఉండేది, ఎక్కువగా పంజాబ్ పథర్‌నాఖ్. పేరులోనే రాయి ఉంది. ఇది ఆసియా జాతి ఇసుక బేరి. గట్టిగా, రసంగా, పంటికింద పలుకులతో ఉంటుంది. పలుకులంటే చెడిపోయిందని కాదు. గుజ్జులో గోడలు గట్టిపడిన కణాలు గుంపులుగా ఉండటం దాని తత్వం. తొక్క కిందా, గింజల చుట్టూ ఎక్కువ. తొక్క కాస్త మందంగా తీసి, మధ్యభాగం వెడల్పుగా తీసేస్తే పలుకులు చాలావరకు పోతాయి.

మెడ ఉండి మెత్తబడేది బబ్బూగోషా. ఉత్తరాది మండీల్లో ఈ పేరు ఒక్క రకానిది కాదు. మెత్తగా తీయగా ఉండే పొడుగు బేరి ఏదైనా ఆ పేరుతోనే నడుస్తుంది, కశ్మీర్ నుంచి వచ్చే విలియమ్స్ కూడా. పథర్‌నాఖ్ జులై చివరికి కోతకొస్తే, పంజాబ్‌లో బబ్బూగోషా ఆగస్టు మొదటి వారంలో వస్తుంది. రెండింటికీ మధ్యరకం పంజాబ్ బ్యూటీ: అర మెత్తన, పసుపుపచ్చ, ఒక్కోసారి ఎర్ర చార. మూడింటినీ ఒకే కుప్పలో పోసి నాష్పాతి అని అమ్మేస్తారు. కాబట్టి పేరు అడిగి లాభం లేదు, మెడ చూడండి. మెడ లేకుండా గుండ్రంగా ఉంటే ఆ రోజే తినొచ్చు. మెడ ఉంటే రెండు మూడు రోజులు ఆగాలి.

నీలగిరి, కొడైకెనాల్ నుంచి వచ్చేవి ఇంకా గట్టివి. అక్కడి కీఫర్ రకం ఆసియా, యూరప్ జాతుల సంకరం. పచ్చిగా తినడం కంటే ఉడికించడానికే పనికొస్తుంది.

సూపర్‌మార్కెట్‌లో దక్షిణాఫ్రికా స్టిక్కరుతో గుడ్డు ఆకారంలో, తొక్క గతుకులుగా ఉండే పచ్చకాయ ప్యాకమ్స్. ఆస్ట్రేలియాలో 1890లలో ప్యాకమ్ అనే రైతు బార్ట్‌లెట్‌తో సంకరం చేసి తీసిన రకం. ఇది మాగితే లేత పసుపు తిరుగుతుంది, కానీ తిరిగీ తిరగనట్టు ఉన్నప్పుడే మెడ లొంగుతుంది. దాంతోపాటు వచ్చే చిన్నది, పచ్చ మీద ఎర్రచుక్కలు చల్లినట్టుండేది ఫొరెల్. జర్మన్‌లో ఆ మాటకి చుక్కల చేప అని అర్థం. చూడముచ్చటగా ఉంటుంది, రుచి ఫర్వాలేదు, ఆ ధరకి మాత్రం కాదు.

బియ్యండబ్బా:

ఇంత లెక్క ఎందుకండీ? సీతాఫలం, మామిడి మాగబెట్టినట్టే బియ్యంలో పెట్టేయండి. రెండ్రోజుల్లో పండుతుంది.

కోల్డ్‌స్టోరేజి:

బియ్యండబ్బా గారూ, అందులో తర్కం ఉంది. కాయ వదిలే ఇథిలీన్ బియ్యంలో బయటికి పోదు. కానీ బేరికి రెండు ఇబ్బందులు. తొక్క పల్చన కాబట్టి కాయలు ఒరుసుకున్నచోట నల్ల మచ్చలు పడతాయి. మామిడిలా వాసన గుప్పుమనదు, డబ్బాలో కనబడదు కాబట్టి తీయాల్సిన రోజు దాటిపోతుంది. కాగితం సంచిలో ఒక అరటిపండుతో కలిపి మూతి మడిచి పెడితే అదే పని జరుగుతుంది, రోజూ తీసి నొక్కి చూడొచ్చు. ప్లాస్టిక్ సంచి వద్దు. తేమతో పాటు కాయ వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా లోపలే నిలిచి గింజల దగ్గర నలుపు తెస్తుంది.

అసలు పెద్ద చిక్కు ఎండ. మామిడికి నచ్చే వేడి యూరప్ బేరికి పడదు. 30 డిగ్రీలు దాటితే దాని మాగుడు దెబ్బతింటుంది. తొక్క పసుపు తిరుగుతుంది, లోపల మాత్రం రబ్బరులాగే ఉంటుంది. విజయవాడలో వంటగది గట్టు మీద పెట్టిన బబ్బూగోషా తీయబడలేదంటే తప్పు పండుది కాదు. ఏసీ గదిలో గానీ, కూలర్ గాలి తగిలే నీడలో గానీ పెట్టాలి.

కార్బైడ్ మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తకండి కూడా. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడటం మన దేశంలో నిషిద్ధం. మాగబెట్టే గదుల్లో ఇథిలీన్ వాయువు మాత్రం 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 100 పాళ్లు) వరకు వాడొచ్చు. పాశ్చాత్య దేశాల్లో దుకాణానికి పంపేముందు ఆంజూకి ఇథిలీన్ పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచడం మామూలే.

పోపులపెట్టె:

వంటకి. ఉడికినా ముక్క నిలిచేది బాస్క్, మీరు చెప్పిన మట్టిరంగుది. గుజ్జు బిగువు కాబట్టి పాకంలో చెదరదు. మెడ కొద్దిగా మాత్రమే లొంగినప్పుడు తీసుకోండి. బాస్క్ ఎంత మాగినా మిగతావాటిలా మెత్తబడదు. తొడిమ దగ్గర తొక్క సన్నగా ముడత పడటమే దాని గుర్తు.

నాలుగు బాస్క్‌లకు లీటరు నీళ్లు, 200 గ్రాముల పంచదార, నాలుగు యాలకులు, వేలెడు దాల్చినచెక్క. తొక్క తీసి, తొడిమ ఉంచి, నీళ్లు సన్నగా కదులుతున్న మంట మీద 20 నుంచి 25 నిమిషాలు. తెర్లనివ్వకండి, అంచులు తెగిపోతాయి. పైకి తేలిన భాగం నల్లబడుతుంది కాబట్టి చిన్న పళ్లెం బోర్లించి ముంచి ఉంచాలి. చాకు మొన సాఫీగా దిగితే దించేసి, పాకంలోనే చల్లారనివ్వండి. వేడిమీద తీస్తే రసం కారి ముక్క ముడుచుకుపోతుంది.

ఇదే పని మాగిన బార్ట్‌లెట్‌తో చేస్తే పాయసం అవుతుంది. దాన్ని జామ్‌కి వాడండి: కిలో గుజ్జుకి 600 నుంచి 700 గ్రాముల పంచదార, రెండు నిమ్మకాయల రసం. బేరిలో పులుపూ తక్కువే, గడ్డకట్టించే పెక్టిన్ కూడా తక్కువే. నిమ్మ వేయకపోతే ఎంత ఉడికించినా జారుడుగానే ఉంటుంది, ఇంకా ఉడికిస్తే పాకం ముదిరి బంకవుతుంది. డబ్బాల్లో పండ్లు అమ్మే కంపెనీలు కూడా ఎక్కువగా బార్ట్‌లెట్‌నే వాడతాయి, కానీ గట్టిదశలో. వాసన ఉడికాక కూడా నిలుస్తుందని.

ఆసియా బేరిని ఇంట్లో సీసాల్లో కట్టి నిలవ చేసేవాళ్లు జాగ్రత్త. దాని పులుపు యూరప్ రకాల కంటే తక్కువ, కొన్నిసార్లు ప్రమాదకరంగా తక్కువ. అర లీటరు సీసాకి పెద్ద చెంచాడు సీసా నిమ్మరసం తప్పనిసరి. చెట్టు నిమ్మకాయలో పులుపు కాయకో తీరు కాబట్టి దుకాణంలో దొరికే సీసా రసమే వాడమంటారు. ఇది రుచి కోసం కాదు, బొటులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బు తెచ్చే క్రిమి పెరగకుండా.

పథర్‌నాఖ్ మాత్రం మన వంటకి చక్కగా కుదురుతుంది. తురిమి పెరుగుపచ్చడి చేస్తే కీరదోస బదులు వాడొచ్చు. ఉప్పు వడ్డించే ముందే కలపండి, లేకపోతే పావుగంటలో నీరు వదిలేస్తుంది. కోసిన ముక్కలు నల్లబడకుండా అర లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మరసం కలిపి అందులో వేయాలి.

మాంసానికి కూడా పనికొస్తుంది. కొరియావాళ్లు మాంసం నానబెట్టే మసాలాలో ఆసియా బేరి తురుము కలుపుతారు, అందులో మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైము ఉంది. అరకిలో మటన్‌కి మూడు పెద్ద చెంచాల తురుము, రెండు మూడు గంటలు. పచ్చి బొప్పాయి కంటే నెమ్మది కాబట్టి ముక్క పిండిపిండి అయ్యే భయం తక్కువ. తీపి కూడా ఇస్తుంది కాబట్టి మంట పెద్దదైతే త్వరగా మాడుతుంది. ఉడికించిన బేరికి, డబ్బా బేరికి ఈ గుణం ఉండదు, వేడికి ఎంజైము చచ్చిపోతుంది.

కామిస్ వంటలో వేయకండి. పొట్టిగా లావుగా, తొక్క మీద గీతలతో అందవిహీనంగా ఉండే ఆ పండు పచ్చిగా తినడానికే. 1849లో ఫ్రాన్స్‌లోని ఆంజే పట్నంలో మొదటిసారి కాసింది. రసంలోనూ వాసనలోనూ దానికి సాటి వచ్చేది లేదు. తొక్క మరీ సున్నితం, గీతలు చూసి పక్కన పెట్టకండి.

పెరటిచెట్టు:

డాలస్ చుట్టుపక్కల పెరట్లో వేద్దామనుకునేవాళ్లకి. దుకాణంలో రుచి చూసి బార్ట్‌లెట్ మొక్క కొనొద్దు. అక్కడి తడి వసంతంలో ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులు పూత మీద పట్టి, కొమ్మ చివరలు కాల్చినట్టు నల్లబడి వంకీ తిరుగుతాయి. కీఫర్, ఓరియంట్ తట్టుకుంటాయి. ఆసియా రకాల్లో షింకో తట్టుకుంటుంది, రుచిలో పేరున్న హోసుయ్ తట్టుకోదు. తెగులు కనిపిస్తే నల్లబడిన చోటికి 20 నుంచి 30 సెంటీమీటర్లు కిందికి, పొడి వాతావరణంలో కత్తిరించాలి. ప్రతి కోతకీ మధ్య కత్తెరను ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లలో ముంచాలి. యూరియా ఎక్కువ వేస్తే లేత చిగురు విపరీతంగా వచ్చి తెగులు ఇంకా పాకుతుంది.

ఒక్క చెట్టు చాలదు, పరపరాగం (ఇంకో రకం చెట్టు పుప్పొడి) కావాలి. రెండు చెట్ల పూతా ఒకేసారి రావాలి. ఒకేసారి వచ్చినా బార్ట్‌లెట్, సెకెల్ అనే ఇంకో యూరప్ రకం జంట కుదరదు, ఒకదాని పుప్పొడిని ఇంకోటి ఒప్పుకోదు. ఆసియా చెట్టుకి కాయలు పల్చన చేయకపోతే గుత్తికి ఐదారు కాసి, ఒక్కటీ పెరగదు. పూత రాలిన నెల లోపే గుత్తికి ఒక్క కాయ ఉంచి మిగతావి తుంచేయాలి.

హైదరాబాద్‌లో కాయించడం గురించి ఎవరైనా అడగబోతే: బార్ట్‌లెట్‌కి 7 డిగ్రీల కంటే తక్కువ చలి సుమారు 800 గంటలు కావాలి. పథర్‌నాఖ్‌కి 150 చాలు, అందుకే పంజాబ్ మైదానంలో కాస్తుంది. హైదరాబాద్‌లో ఆ 150 కూడా రావు. ఆకులు వస్తాయి, నీడ ఇస్తుంది.

దోరకాయ:

చాలా స్పష్టమైంది. ఒక్క సందేహం మిగిలింది. ఆంజూకి రెండు నెలల చలి కావాలన్నారు. దుకాణంలో కొన్నదాన్ని ఇంట్లో మళ్లీ రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టాలా?

కోల్డ్‌స్టోరేజి:

అక్కర్లేదు. డిసెంబరు తర్వాత వచ్చేవాటికి ఆ చలి గిడ్డంగిలోనే అయిపోతుంది. అక్టోబరులో వచ్చే తొలి ఆంజూకే అనుమానం. దాన్ని కొంటే రెండు మూడు వారాలు ఫ్రిజ్‌లో, అన్నిటికంటే చల్లటి అరలో పెట్టి, తర్వాత బయట అరటిపండుతో మాగబెట్టండి. మామూలు ఫ్రిజ్‌లో 3, 4 డిగ్రీలు ఉంటాయి కాబట్టి అంతకంటే కొంచెం చల్లబడినా ఫర్వాలేదు, గడ్డకట్టకుండా చూసుకోండి.

పన్నెండు రోజులు దాటినా మెడ లొంగకపోతే ఇక ఎదురుచూడకండి. ఇథిలీన్‌ని కాయ పసిగట్టకుండా చేసే 1-ఎంసీపీ అనే వాయువును గిడ్డంగుల్లో వాడతారు. మోతాదు ఎక్కువైన కాయ అరటిపండుకి కూడా లొంగదు. అలాంటిదాన్ని తురిమి పెరుగుపచ్చడిలో వేసేయండి.